ఏమున్నది కాదు, ఎంతున్నది

మా చిన్నమ్మ కొడుకు ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాడు. సెలవులకి సంగారెడ్డి వచ్చాడంటే చాలు, చుట్టుపక్కల పిల్లలంతా వాడి దగ్గర చేరతారు. ఆకాశం నీలంగా ఎందుకుంది, కరెంటు తీగ మీద కూచున్న కాకి ఎందుకు చావదు... ఇలాంటివి. వాడూ ఓపిగ్గానే చెప్తాడు. మొన్నొక ఆదివారం మాత్రం నక్కవాగు వైపు పొలమున్న ఒక పెద్దాయన "కాకి ముచ్చట తర్వాత గానీ, మా వాగు నీళ్ళల్ల ఏమున్నదో చెప్పు బిడ్డా" అన్నాడు. మావాడు కాసేపు ఆలోచించి "ఏమున్నదని కాదు పెద్దయ్యా, ఎంతున్నదని అడగాలె. అది కొలిస్తెనే తెలుస్తది" అన్నాడు.

తప్పించుకునే జవాబులే అనుకున్నాను నేను. తర్వాత పటాన్‌చెరు చరిత్ర తిరగేస్తే, కథంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగిందని అర్థమైంది.

అసలు మందుల కంపెనీలు ఇటువైపే ఎందుకొచ్చాయి? 1960లలో ప్రభుత్వం బాలానగర్లో ఐడీపీఎల్ ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు కొందరు సొంత కంపెనీలు మొదలుపెట్టారు. 1972లో అమల్లోకొచ్చిన పేటెంటు చట్టం మందుకి కాకుండా తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే వేరే దారిలో అదే మందు చేసుకోవచ్చన్నమాట. పటాన్‌చెరు, బొల్లారంలలో ఫ్యాక్టరీలు లేచాయి. ఉద్యోగాలొచ్చాయి, మందులు చవకయ్యాయి. ఆ మాట చెప్పకుండా తిట్టడం న్యాయం కాదు. కానీ వాటితోపాటే వాగుల్లోకి వ్యర్థాలూ వచ్చాయి.

1980లలో రైతులు రోడ్డెక్కారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్ళింది. ఇక్కడి డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ళ తరబడి దీని మీదే పోరాడారు. మరి కొలతలే లేవా అంటే, ఉన్నాయి. సీఓడీ, బీఓడీ, కరిగిన లవణాలు. నీళ్ళలోని వ్యర్థం మొత్తం కలిసి ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో మొదటి రెండూ చెప్తాయి. అందులో ఏ మందు ఎంతుందో మాత్రం చెప్పవు. బస్సు బరువు తూచి, లోపల ఎవరెవరున్నారో చెప్పమంటే ఎలా?

ఆ లెక్క 2007లో బయటపడింది. స్వీడన్లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధిచేశాక వచ్చే నీరు సుమా! 59 మందుల కోసం వెతికితే, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని బాక్టీరియాలకి హాని చేసే మోతాదుకి ఇది వెయ్యి రెట్లకి పైమాటే.

మావాడు పెద్దాయనకి దీన్ని ఇలా చెప్పాడు. పదహారు లీటర్ల బకెట్టులో 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కరిగించినట్టు. రోజుకి సుమారు 15 లక్షల లీటర్లు బయటికొచ్చేవి. గుణిస్తే దాదాపు 45 కిలోలు, అంటే రోజుకి 90 వేల మాత్రలు! ఇదేం గొప్ప ఫిజిక్సు కాదు, ఎక్కాలు వస్తే చాలు. కానీ కొలిచిన అంకె చేతిలో ఉండాలి కదా.

ఇంత మందు నీళ్ళలో ఉంటే బాక్టీరియా అంతా చస్తుందేమో, మంచిదేగా అనిపించొచ్చు. తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకున్నవి పెరుగుతాయి. ఆ తట్టుకునే గుణాన్ని ఒక బాక్టీరియా ఇంకోదానికి అందించగలదు కూడా. అప్పుడు రోగమొచ్చినవాడికి అదే మాత్ర పనిచెయ్యదు. 2009లో ప్రచురించిన మరో అధ్యయనంలో చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లోనూ మందులు కనిపించాయి.

ఇంత జరిగాక చట్టం మారిందా? 2020 జనవరిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో, ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్ ఎంతవరకూ ఉండొచ్చో పరిమితులు పెట్టారు. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్లో అవి లేవు. హద్దు లేనప్పుడు ఎవరైనా ఎందుకు కొలుస్తారు?

నాకైతే ఇక్కడే అసలు చిక్కుందనిపిస్తుంది. నీళ్ళు పాడయ్యాయని ఊళ్ళోవాళ్ళు ముక్కుతో పసిగట్టి ఇరవయ్యేళ్ళ ముందే చెప్పారు. అంకె లేదు గనక వాళ్ళ మాట ఫిర్యాదుగానే మిగిలిపోయింది.

పెద్దాయన బకెట్టు లెక్కంతా విని ఒక్కటే అడిగాడు: "అది అప్పటి లెక్క. మరి ఇప్పుడెంతున్నది బిడ్డా?"

కాకి గురించి అరగంట చెప్పిన మావాడు దానికి ఏమీ చెప్పలేకపోయాడు.