పర్లాకిమిడి కళాశాలయు విద్యార్థి యింటి మాటయు

కళాశాల విద్యార్థి నిత్యజీవనమున గలిగించు మార్పును గణించుటకు సాధారణముగ పట్టభద్రుల సంఖ్యనో, వారికి దొరకిన యుద్యోగములనో చూచుట పరిపాటి. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు సముదాయ కళాశాలల పథకమును చేపట్టినప్పుడును స్థానికావసరములు, వృత్తి నైపుణ్యము అను రెండు విషయములే ప్రధానముగ వినవచ్చినవి. ఇవి త్రోసివేయదగిన కొలతలు కావు. కాని వీనికంటె ముందు తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి గలదు. విద్యార్థి తన యింటినుండి వెంట దెచ్చుకొన్న మాటకు తరగతి గదిలో చోటున్నదా లేదా? కాశీబుగ్గ, పలాస, టెక్కలి, ఉద్దానపు తీరము - ఈ ప్రాంతపు విద్యాచరిత్రలో నీ ప్రశ్నను పట్టుదలతో లేవదీసినది పర్లాకిమిడిలోని యొక యుపాధ్యాయుడు. అందుచేత ఉద్దానమును గూర్చి చెప్పదలచినను మేము పర్లాకిమిడినుండియే యారంభింపవలసి వచ్చినది.

ఆనాడు ఈ సీమ యంతయు మదరాసు రాజధానిలోని గంజాము జిల్లాలో నుండెడిది. దక్షిణమున విజయనగరము, ఉత్తరమున బరంపురము - కళాశాల కావలెనన్న నీ రెంటిలో నొకదానికి బోవలసినదే. పర్లాకిమిడి సంస్థానమువారి యున్నత పాఠశాల 1896లో కళాశాల యైనది. 1900లో నౌపడానుండి టెక్కలి మీదుగ పర్లాకిమిడికి, సుమారు ఇరువదియైదు మైళ్ళ పొడవున, సంస్థానమువారే చిన్న రైలుమార్గమును వేయించిరి. పలాసలో బండి యెక్కి నౌపడాలో దిగి ఈ చిన్నబండి పట్టినచో పగటివేళనే కళాశాలయున్న యూరు చేరవచ్చును. కొబ్బరితోటల నడుమ బుట్టిన బాలునకు ఉన్నతవిద్య యొక దూరదేశపు వార్తగ గాక పక్కయూరి సంగతిగ మారుటకు ఆ యిరుకు పట్టాలు చేసిన మేలు తక్కువది కాదు.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడి పాఠశాలలో నుపాధ్యాయులుగ జేరి, పని చేయుచునే స్వయముగ జదివి బి.ఏ. పట్టమునంది, కళాశాల తరగతులకు బోధించి, 1911లో విరమించిరి. వారు తెలుగు పండితులుగ గాక చరిత్రోపాధ్యాయులుగ నియుక్తులైరన్న సంగతిని మన పరిశోధక విద్యార్థులు తరచు మరతురు. ముఖలింగ శాసనములను స్వయముగ జదివి, ప్రాచీన కళింగనగర మదియే యని వాదించినవారు వారే. రాతిమీది మాటను ఉన్నదున్నట్లు చదువవలెనన్న చరిత్రకారుని నియమమే, నోటిమాటను ఉన్నదున్నట్లు వినవలెనన్న భాషావేత్త నియమముగ మారినదని మా యూహ.

పర్లాకిమిడి సంతకు కొండలనుండి సవరలు దిగెడివారు. వారి భాష తెలుగు గాదు, ఒడియా గాదు. ముండా కుటుంబమునకు జెందినది. ఆ భాషకు లిపి లేదు, నిఘంటువు లేదు, నేర్పు గురువు లేడు. రామమూర్తిగారు తెలుగు తెలిసిన సవర నొకనిని ఇంట నిలుపుకొని ఆ భాషను నేర్చిరి. దానిలో వాచకములు వ్రాసిరి. సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. మదరాసు ప్రభుత్వము వారి కృషిని మెచ్చి పారితోషికమీయ బోగా, ఆ సొమ్ముతో సవరలకొక బడి పెట్టుడని కోరిరి. కొండలలో దిరుగుటచే వచ్చిన మలేరియాకు క్వినైను వాడి వాడి వినికిడిని గోలుపోయిరి. శబ్దములోని సూక్ష్మభేదములను బట్టుకొనుటయే పనిగ గల వానికి చెవులు పోవుట యెంతటి నష్టమో వేరుగ జెప్పనక్కరలేదు. అయినను 1931లో సవర వ్యాకరణ గ్రంథమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి.

ఈ బడులు కళాశాల పథకములోనివి కావు. ఒక యధ్యాపకుని ధర్మములోనివి. అయినను వీనిని కళాశాల చరిత్రనుండి వేరుచేసి చెప్పుట న్యాయము గాదు. సంతలో తూకమును, షావుకారు పద్దును, అటవీశాఖవారి కాగితమును పరభాషలోనే యెదుర్కొనవలసినవానికి అక్షరము అలంకారము గాదు, ఆత్మరక్షణము. ఆ యక్షరము తన మాటతో మొదలైనప్పుడే పిల్లవాడు బడిలో నిలుచును. లేనిచో నెల తిరుగకుండ కొండెక్కును.

సవర బాలుని చిక్కే మరియొక రూపమున తెలుగు బాలునకును గలదు. ఉద్దానపు పిల్లవాడు ‘బేగి రా’ అనును, ‘ఏటి’ అని యడుగును, తోటివారిని ‘గుంటలు’ అనును. వాచకములో నాతనికి శీఘ్రమును, ఏమియును, బాలురును ఎదురగుదురు. ఇంటిలో ‘వస్తున్నాడు’ అన్నవాడు బడిలో ‘వచ్చుచున్నాడు’ అని వ్రాయవలెను. కొత్తమాట నేర్చుట కష్టము గాదు. తన మాట తప్పని నేర్చుట కష్టము. ఉత్తర మండలములలో పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చిన జె.ఏ. యేట్సు దొర, ప్రజలు మాటాడు తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంత యంతరమేల యని యడిగిన ప్రశ్న, రామమూర్తిగారిని, విజయనగరములో గురజాడ అప్పారావుగారిని, విశాఖపట్టణములో పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఒక్కత్రాటిపైకి దెచ్చినది. అటుపై జరిగిన వాదము - 1914లో గురజాడవారు మదరాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతి పత్రమును, 1919లో వెలసిన ‘తెలుగు’ పత్రికయు - పాఠకులెరిగినవే గనుక విస్తరింపము. వాడుకభాషకై జీవితమును ధారవోసినవానిని గూర్చి మే మిట్టి భాషలో వ్రాయుట కొందరకు నవ్వు దెప్పింపవచ్చును. వారున్నచో నవ్వి యూరకుండక మా వాక్యములలోని వ్యాకరణదోషముల పట్టిక నొకటి తయారుచేసియుందురు. గ్రాంథికవాదుల రచనలకు వారు చేసిన సత్కారమదియే.

అయితే వ్యావహారికోద్యమమును శైలీవివాదముగ మాత్రమే చదువు నలవాటు మన శాఖలలో బలిసినది. దాని పుట్టుక తరగతి గదిలో. పరీక్షలో తప్పుట, బడి మానుట, తండ్రికి జాబు వ్రాయలేకపోవుట - ఇవి శైలికి సంబంధించినవి కావు.

1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్ర మేర్పడినది. పర్లాకిమిడి పట్టణ మందులో జేరినది. టెక్కలి, పాతపట్నము, సోంపేట మదరాసు రాజధానిలో మిగిలినవి. ఆ విలీనము నెదిర్చిన రామమూర్తిగారు, ఏబదియేండ్లకు మించి నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరి, 1940 జనవరి 22న గతించిరి. పాతపట్నము నుండి చూచినచో కళాశాల కూతవేటు దూరముననే యున్నది. కాని మధ్య రాష్ట్రపు టెల్ల. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము వెలసినది. చిన్నరైలు మాత్రము ఎల్లను లెక్కచేయక నడచి, 2004లో పెద్దపట్టాల కొరకు నిలిచిపోయినది. తరువాతి కాలమున టెక్కలిలోను పలాసలోను కళాశాలలు వచ్చినవి. నేడు కాశీబుగ్గ జీడిపిక్కల కర్మాగారములలో పనిచేయు తల్లుల బిడ్డలు పట్టభద్రులగుటకు పరరాష్ట్రము పోనక్కరలేదు. వారి జవాబుపత్రములలో ‘వస్తున్నాడు’ తప్పు గాదు; ‘బేగి’ మాత్రమిప్పటికిని ఎఱ్ఱసిరా గీతకు లోబడుచునే యున్నది.

సవరల మాట వేరు. 1936లోనే, ఒడిషా వైపు, మంగెయి గొమాంగో అను సవర విద్వాంసుడు తన భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అను ప్రత్యేక లిపిని గల్పించెను. ఇటువైపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004 ప్రాంతమున గిరిజన భాషలలో ప్రాథమిక బోధన నారంభించినప్పుడు సవర వాచకములు తెలుగు లిపిలో వెలువడినవి. మందస కొండలలోని సవర బాలుడు చదివిన పుస్తకమును, గుణుపురము చెంత నాతని మేనమామ బిడ్డ పైకి చదివి వినిపించినచో తెలిసికొనును, చేతికిచ్చినచో చదువలేడు.