ఎతిమరపు రజని

ఎతిమరపు రజని భారత మహిళా హాకీ జట్టుకు గోల్‌కీపరుగా ఆడిన ఆంధ్రప్రదేశ్ క్రీడాకారిణి. 1990 జూన్ 9న పూర్వపు చిత్తూరు జిల్లా, ఎర్రావారిపాలెం మండలంలోని ఎనుములవారిపల్లెలో ఒక వడ్రంగి కుటుంబంలో జన్మించింది. జాతీయ పోటీలలో రైల్వే జట్టు తరఫున ఆడింది. 2017 ఆసియా కప్పు గెలిచిన జట్టులోను, 2018 ఆసియా క్రీడలలో రజత పతకం పొందిన జట్టులోను, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్యం పొందిన జట్టులోను ఆమె సభ్యురాలు. 2024లో మస్కట్‌లో జరిగిన తొలి ఐదుగురి హాకీ ప్రపంచ కప్పులో భారత మహిళా జట్టుకు నాయకత్వం వహించింది. క్రీడా జాబితాలలో ఈమె పేరు "రజని ఎతిమరపు" అని ఇంటిపేరు చివరకు చేరి కనబడుతుంది. ఇంటిపేరును ముందు వ్రాయడమే తెలుగు సంప్రదాయం గనుక ఇక్కడ ఆ విధంగానే ఇవ్వబడింది.

ప్రాంతం, నేపథ్యం

ఎర్రావారిపాలెం మండలం శేషాచలం కొండల అంచున ఉంది. ప్రసిద్ధి చెందిన తలకోన జలపాతం ఈ మండలంలోని నేరబైలు గ్రామ పరిధిలోనిదే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనలో ఈ మండలం తిరుపతి జిల్లాలో చేరింది. పడమటి వైపున్న మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్ళగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే మిగిలాయి. రజని ఎదిగిన కాలంలో ఇవన్నీ ఒకే జిల్లా.

ఇటువంటి గ్రామీణ మండలాలలో పిల్లలకు హాకీ సాధారణంగా పాఠశాలలోనే, వ్యాయామ ఉపాధ్యాయుని చొరవతో పరిచయమవుతుంది. పాఠశాలల క్రీడా సమాఖ్య బాలురకు, బాలికలకు వేరువేరుగా 14, 17, 19 సంవత్సరాల లోపు విభాగాలలో పోటీలు నిర్వహిస్తుంది. ఆసక్తి గల ఉపాధ్యాయుడు బదిలీపై వెళ్ళిపోతే ఆ బడిలో ఆట కూడా ఆగిపోవడం తరచు జరిగే విషయం. పట్టణాలలో పురుషుల, మహిళల జట్లు రెండూ గల స్థానిక క్లబ్బులు ఉన్నచోట్ల మాత్రం బడి విడిచిన పిల్లలు ఆటను కొనసాగించగలుగుతారు. బాలికల విషయంలో ఈ అవసరం మరింత ఎక్కువ. ఎందుకంటే చదువు ముగిశాక సాయంత్రం మైదానానికి రావడానికి వారికి జట్టు అనే కారణం కావాలి.

మట్టి మైదానం, కృత్రిమ పచ్చిక

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా హాకీని కృత్రిమ పచ్చికపై ఆడించారు. అంతకు ముందు ఏడు స్వర్ణాలు గెలిచిన భారత పురుషుల జట్టు అక్కడ ఏడవ స్థానంలో నిలిచింది. నాటి నుండి అంతర్జాతీయ హాకీ మట్టి మీద నుండి తప్పుకున్నది గాని, మన పల్లెల బడులలో ఆట మట్టి మీదనే సాగింది. ఈ తేడా గోల్‌కీపరుకు అందరికంటె ఎక్కువగా తెలుస్తుంది. మట్టిలో బంతి గుంటలకు తగిలి ఎగురుతుంది, వేగం తగ్గుతుంది. నీరు చల్లిన కృత్రిమ పచ్చికపై బంతి నేలనంటి జారుతూ దూసుకొస్తుంది. 156 నుండి 163 గ్రాముల బరువుండే ఆ గట్టి బంతిని 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు గల గోలులోకి పోనీయకుండా ఆపాలి. మోకాళ్ళపై వాలి జారడం, కాలితో బంతిని ప్రక్కకు తన్నడం వంటివి మట్టిపై నేర్చినవారు పచ్చికపైకి వచ్చిన తరువాత తిరిగి నేర్చుకోవలసి వస్తుంది. కాలికవచాలు, శిరస్త్రాణం మొదలైన గోల్‌కీపరు సామగ్రి ఖరీదు కూడా తక్కువ కాదు. బడికి ఒక్క జత ఉంటే అదే గొప్ప.

రాష్ట్రంలో సౌకర్యాలు తరువాతి కాలంలో కొంత మెరుగుపడ్డాయి. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలో జరిగాయి. అయితే కాకినాడ కోస్తాలో ఉన్నది. మదనపల్లె, కుప్పం ప్రాంతపు పిల్లలకు అది రాష్ట్రానికి ఆ చివర.

రెండవ గోల్‌కీపరు

రజని క్రీడా జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఒక నియమం తెలియాలి. ఆ కాలంలో ప్రపంచ కప్పు, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలకు 18 మందిని ఎంపిక చేసేవారు. అందులో ఇద్దరు గోల్‌కీపర్లు ఉండేవారు. ఒలింపిక్స్‌లో మాత్రం జట్టు 16 మందికే పరిమితం. కనుక దాదాపు ప్రతి దేశమూ ఒకే గోల్‌కీపరును తీసుకుని, రెండవవారిని రిజర్వులో ఉంచేది. భారత జట్టులో ఆ మొదటి స్థానం హర్యానాకు చెందిన సవితా పునియాది. ఇతర క్రీడాకారిణులను ఆట మధ్యలో ఎన్నిసార్లయినా మార్చవచ్చును. గోల్‌కీపరును మార్చడానికీ నియమం అడ్డు రాదు గాని, అవసరమైతే తప్ప ఎవరూ మార్చరు. అందువలన రెండవ గోల్‌కీపరు అదే సాధన చేసి, అదే ప్రయాణం చేసి, అనేక ఆటలను మైదానం వెలుపలి నుండే చూడవలసి ఉంటుంది.

2016లో భారత మహిళలు 36 సంవత్సరాల తరువాత ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. రియోకు వెళ్ళిన 16 మందిలో గోల్‌కీపరు సవిత ఒక్కరే; రజని రిజర్వు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ ఆమె రిజర్వు గోల్‌కీపరే. ఆ పోటీలలో భారత్ క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి, కాంస్య పతకపు ఆటలో గ్రేట్ బ్రిటన్ చేతిలో 3-4తో ఓడి నాలుగవ స్థానం పొందింది. ఆమె ఒలింపిక్స్‌లో "ఆడినట్లు" వ్రాయడం కొన్నిచోట్ల కనబడుతుంది. జట్టుతో ఉండడం వేరు, మైదానంలో ఆడడం వేరు. అయినంత మాత్రాన రిజర్వు స్థానం చిన్నది కాదు. ఐదేళ్ళ వ్యవధితో జరిగిన రెండు ఒలింపిక్స్‌కు దేశంలో రెండవ ఉత్తమ గోల్‌కీపరుగా నిలవడం అరుదైన విషయమే.

ముఖ్యమైన పోటీలు

2017 నవంబరులో జపానులోని కకమిగహరలో జరిగిన ఆసియా కప్పు ఫైనల్లో భారత్, చైనా 1-1తో సమంగా నిలిచాయి. షూటౌట్‌లో భారత్ 5-4తో గెలిచి ప్రపంచ కప్పుకు అర్హత పొందింది. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో (నాలుగవ స్థానం), లండన్ ప్రపంచ కప్పులో (క్వార్టర్ ఫైనల్), జకార్తా ఆసియా క్రీడలలో (రజతం) రజని జట్టులో ఉంది. జకార్తా ఫైనల్లో జపాను 2-1తో నెగ్గింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో న్యూజీలాండ్‌ను షూటౌట్‌లో 2-1తో ఓడించి భారత్ కాంస్యం సాధించింది.

ఐదుగురి హాకీ

గోల్‌కీపరుతో కలిపి ఐదుగురే ఆడే ఈ ఆటలో 10 నిమిషాల చొప్పున రెండు భాగాలుంటాయి. మైదానం చిన్నది, చుట్టూ పలకలు ఉంటాయి, పెనాల్టీ కార్నరు ఉండదు. మైదానంలో ఎక్కడి నుండైనా గోలు కొట్టవచ్చును కనుక గోల్‌కీపరుకు తీరిక దొరకదు. 2022 జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జరిగిన పోటీలకు భారత మహిళా జట్టు కెప్టెన్‌గా రజనిని నియమించారు.

2024 జనవరిలో ఒమన్ రాజధాని మస్కట్‌లో జరిగిన ప్రపంచ కప్పులోనూ ఆమెయే కెప్టెన్. భారత్ క్వార్టర్ ఫైనల్లో న్యూజీలాండ్‌ను 11-1తో, సెమీ ఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించింది. ఫైనల్లో నెదర్లాండ్స్ 7-2తో గెలువగా భారత్‌కు రజతం దక్కింది. పదకొండుగురి ఆటలో సంవత్సరాల తరబడి మరొకరి వెనుక నిలిచిన గోల్‌కీపరు, 33వ ఏట ప్రపంచ కప్పు ఫైనల్లో దేశపు జట్టును నడిపించింది.

ప్రభుత్వ ప్రోత్సాహం

టోక్యో నుండి తిరిగి వచ్చిన తరువాత, 2021 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.యస్. జగన్‌మోహన్ రెడ్డి ఆమెకు 25 లక్షల రూపాయల నగదు పురస్కారం, తిరుపతిలో 1000 గజాల ఇంటి స్థలం ప్రకటించారు. అంతకు ముందు ప్రకటించి చెల్లించకుండా మిగిలిపోయిన ప్రోత్సాహకాలను కూడా విడుదల చేయవలసిందిగా అప్పుడే అధికారులను ఆదేశించారు.