వంకర గొట్టాల ఆర్గన్

లాస్ ఏంజెలెస్ లో వాల్ట్ డిస్నీ కాన్సర్ట్ హాల్లోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు, వేదిక వెనక కనిపించింది చూసి పైకప్పు కూలిందేమో అనుకున్నాను. లావుపాటి చెక్క దూలాలు, ఎవరో గుప్పెట్లో పట్టి విసిరేసినట్టు, తలో దిక్కుకీ వంగి ఉన్నాయి. దీనికి జనం పెట్టిన ముద్దుపేరు 'ఫ్రెంచ్ ఫ్రైస్'. అది పైప్ ఆర్గన్ అనీ, ఆ దూలాలు ఉత్త అలంకారం కాదు, నిజంగానే పలుకుతాయనీ తర్వాత తెలిసింది.

ఆర్గన్ అంటే మన హార్మోనియానికి పెదనాన్న లాంటిదనుకోండి. గాలీ, మెట్లూ రెండింటికీ ఉన్నాయి. కానీ ఇక్కడ పలికేవి చాలావరకు పిల్లనగ్రోవి లాంటి గొట్టాలు. ఒక్కో గొట్టం ఒక్క స్వరమే పలుకుతుంది. అందుకే మొత్తం 6,134 గొట్టాలు! అతి పెద్దది 32 అడుగుల స్థాయిది, అతి చిన్నది పెన్సిలంత.

1987లో లిలియన్ డిస్నీ ఇచ్చిన 5 కోట్ల డాలర్లతో మొదలైన హాలు ఇది. ఆర్కిటెక్టు ఫ్రాంక్ గేరీకి గొట్టాలు చర్చిలోలాగా బుద్ధిగా వరసలో నిలబడటం ఇష్టం లేదు. ఆర్గన్ నిపుణుడు మాన్యువల్ రొజాలెస్ కేమో అవి పలకాలి, శ్రుతి చేసే మనిషి వాటి దగ్గరికి వెళ్ళగలగాలి. గేరీ నమూనా మీద నమూనా చేయడం, రొజాలెస్ ఇది కుదరదనడం... స్క్రీను గీసేవాడికీ, వెనకాల కోడు రాసేవాడికీ మధ్య నేను రోజూ చూసే పేచీయే! నా సానుభూతి సహజంగానే రొజాలెస్ కి. కాకపోతే గేరీ పట్టు పట్టకపోతే మరో బుద్ధిమంతుడి ఆర్గన్ వచ్చేది, దాని గురించి నేను రాసేవాణ్ణీ కాదు.

చివరికి కాపాడింది భౌతికశాస్త్రమే. లోపలి గాలి స్తంభం పొడవూ కొలతలూ సరిగ్గా ఉంటే, గొట్టం కాస్త వంగినా స్వరం చెడదు. జర్మనీలో గ్లాటర్-గోట్జ్ కంపెనీ తయారుచేసి పంపింది. 1994 నార్త్ రిడ్జ్ భూకంపం చూసిన ఊరు కదా, ముందుకి వాలిన ఆ బరువుని ఉక్కు చట్రానికి బిగించారు.

2003 అక్టోబరులో హాలు తెరిచారు. ఆర్గన్ మాత్రం మూగది! గొట్టాలు బిగించినంత మాత్రాన పాట రాదు. ఒక్కో గొట్టం మూతిని సవరిస్తూ, ఆ హాల్లోనే వింటూ, పక్కవాటితో కలిసేదాకా సరిచెయ్యాలి. మా భాషలో టెస్టింగన్నమాట. దానికి దాదాపు ఏడాది పట్టింది. డెడ్ లైన్ దాటిందని ఎవరూ తొందరపడి మీటలు నొక్కలేదు, అదీ నాకు అసూయ. 2004లో మోగింది.

నేను విన్న రోజున అతి కింది స్వరం, దాదాపు 16 హెర్ట్జ్, చెవికి సరిగా అందలేదు. కుర్చీ చెక్క మాత్రం సన్నగా వణికింది.