గేజీ ముల్లు నుంచి ఫాల్ట్ కోడ్ దాకా: కడంబత్తూరు పరిసరాల భారీ యంత్రాలు, వాటి రిపేరు పని

భారీ యంత్రంలో మానిటరింగ్ వ్యవస్థ అంటే ఇంజన్ ఆయిల్ ప్రెషరు, కూలెంట్ వేడి, హైడ్రాలిక్ ఆయిల్ మట్టం, బ్రేకుల గాలి పీడనం, బ్యాటరీ చార్జింగ్ వంటి వాటిని ఎప్పటికప్పుడు కనిపెట్టి, ఏది హద్దు దాటినా ఆపరేటరుకు వెంటనే తెలియజేసే ఏర్పాటు. బొగ్గు గనిలో తిరిగే డంపరుకైనా చెరకు తోలే ట్రాక్టరుకైనా సూత్రం ఒక్కటే. యాభై ఏళ్లలో ఈ ఏర్పాటు ముల్లు గేజీ నుంచి కంప్యూటరు తెర దాకా వచ్చింది. దాన్ని బాగుచేసే పనీ అంతే మారింది. తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా కడంబత్తూరు పరిసరాల చరిత్రలో ఈ మార్పును మొదటి నుంచి చివరి దాకా చూడవచ్చు.

ఊరు, ఫ్యాక్టరీలు

దక్షిణ భారతంలో మొదటి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. తిరువళ్లూరుకూ అరక్కోణానికీ మధ్య ఉన్న కడంబత్తూరు స్టేషను ఆ దారి మీదిదే. పొరుగున ఉన్న తిరుత్తణి తాలూకా 1960 దాకా ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల సర్దుబాటులో ఆ ఏడాది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. కడంబత్తూరు వైపు ప్రాంతం మొదట చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. 1997లో తిరువళ్లూరు వేరే జిల్లా అయింది. ఏ జిల్లాలో కలిపినా ఇక్కడి తెలుగు ఇళ్లలో తెలుగు నిలిచింది. వరి, వేరుశనగ, చెరకు ఇక్కడి పంటలు. తిరుత్తణి సహకార చక్కెర మిల్లు తిరువాలంగాడులో ఉంది.

ఈ వ్యవసాయ ప్రాంతానికి భారీ యంత్రాల పరిశ్రమ 1971లో వచ్చింది. ఆ ఏడాది హిందుస్థాన్ మోటార్స్ తిరువళ్లూరు దగ్గర ఎర్త్‌మూవింగ్ యంత్రాల విభాగాన్ని నెలకొల్పింది. ఇంటెల్ తన మొదటి మైక్రోప్రాసెసర్‌ను మార్కెట్లోకి తెచ్చిందీ అదే ఏడాది. రెండూ ఒకే యంత్రంలో కలవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. తిరువళ్లూరు విభాగానికి తొలి సాంకేతిక సహకారం టెరెక్స్ సంస్థది. వీల్ లోడర్లు, డంపర్లు ఇక్కడ తయారై గనులకూ పెద్ద నిర్మాణ పనులకూ వెళ్లేవి. తర్వాత క్యాటర్‌పిల్లర్‌తో సహకారం కుదిరింది. 2000–01లో ఆ సంస్థ విభాగాన్ని పూర్తిగా కొనేసింది. మేల్‌నల్లాత్తూరులోని ఆ ఫ్యాక్టరీలో 100 టన్నుల తరగతి 777 డంపర్లు కూడా తయారవుతున్నాయి.

కడంబత్తూరును ఆనుకుని ఉన్న అదిగత్తూరులో హిందుస్థాన్ మోటార్స్ 1998లో మిత్సుబిషి లాన్సర్ కార్ల తయారీ మొదలుపెట్టింది. ఇంధనాన్ని కంప్యూటరు లెక్కకట్టి పంపే పెట్రోలు ఇంజన్ ఆ కారులో ఉండేది. ఆ విధంగా శతాబ్దం ముగిసేసరికి మట్టి తవ్వే యంత్రమూ ఎలక్ట్రానిక్ కారూ కొద్ది మైళ్ల దూరంలోనే తయారవుతుండేవి.

ముల్లు గేజీల కాలం

1970లలో తయారైన లోడరు, డంపరు డ్యాష్‌బోర్డులో ఎలక్ట్రానిక్స్ లేవు. ఆయిల్ ప్రెషరు గేజీ వెనక బూర్డాన్ గొట్టం ఉండేది. లోపల ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ వంపు గొట్టం కొద్దిగా నిటారై ముల్లును కదుపుతుంది. వేడి గేజీకి రేడియేటరు వైపు నుంచి సన్నని రాగి గొట్టం వచ్చేది. అది నలిగితే గేజీ పోయినట్లే. ట్రాక్టర్లలోనూ ఇదే పద్ధతి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే సంస్థ మాసే ఫెర్గూసన్ ట్రాక్టర్లను రైతులకు అందించింది. వాటి గంటల మీటరు కేబుల్‌తో తిరిగేది. అందులో కనబడే గంటలు గడియారపు గంటలు కావు. ఇంజన్ నిర్ణీత వేగంలో తిరిగినప్పుడే మీటరు గంటకు గంట చూపుతుంది. నెమ్మదిగా తిరిగితే గంట పని కూడా మీటరులో గంటకు తక్కువే పడుతుంది. ఆయిల్ మార్చే లెక్క ఆ మీటరును బట్టే కాబట్టి కేబుల్ తెగితే సర్వీసు లెక్క కూడా తప్పేది.

అప్పటి మెకానిక్‌కు గేజీ ఒక సాక్షి మాత్రమే. ఇంజన్ శబ్దం, పొగ రంగు, ఆయిల్ వాసన, బేరింగు మీద చేయి పెడితే తగిలే వేడి, వీటన్నిటినీ కలిపి లోపం తేల్చేవాడు. గేజీ మీద అనుమానం వస్తే దాన్ని తీసి, మంచిదని తెలిసిన ఇంకో గేజీ బిగించి చూసేవాడు. పనికి కావలసిన సామాను స్పానర్లు, టెస్ట్ ల్యాంపు, అనుభవం.

గేజీల పక్కన ఆయిల్ లైటు కూడా వచ్చింది. ప్రెషరు పడిపోతే స్విచ్ మూసుకుని ఎర్ర లైటు వెలిగేది. ఇందులో ఒక పెద్ద లొసుగు ఉంది. స్విచ్‌కు వెళ్లే వైరు తెగినా, బల్బు మాడినా లైటు వెలగదు. వెలగని లైటును చూసి ఆపరేటరు అంతా బాగుందనుకుంటాడు. ఆయిల్ లేక ఇంజన్ పట్టేసే దాకా విషయం బయటపడదు.

మూడు మెట్ల హెచ్చరిక

1970ల చివర, 1980ల మొదట్లో పెద్ద తయారీ సంస్థలు ఎలక్ట్రానిక్ ప్యానెళ్లు తెచ్చాయి. క్యాటర్‌పిల్లర్ యంత్రాల్లో దాని పేరే ఎలక్ట్రానిక్ మానిటరింగ్ సిస్టమ్; మెకానిక్‌ల నోట ఈఎంఎస్. ఆయిల్ లైటు లొసుగును ఈఎంఎస్ సర్క్యూట్‌ను తిరగేసి పూడ్చింది. ఇంజన్ నడుస్తూ అంతా బాగున్నప్పుడు స్విచ్ మూసుకుని ఎర్త్‌కు కలిసి ఉంటుంది. తేడా వస్తే తెరుచుకుంటుంది. ఈ పద్ధతిలో వైరు తెగినా ప్యానెల్‌కు అది ప్రమాదంగానే కనిపిస్తుంది. ఉత్తుత్తి హెచ్చరిక వచ్చినా ఫరవాలేదు, అసలు హెచ్చరిక తప్పిపోకూడదన్నది ఈ అమరిక వెనకున్న ఆలోచన.

హెచ్చరికకు మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో ఆ భాగం గుర్తు మాత్రమే మిణుకుమంటుంది. ఆపరేటరు గమనించి, వీలు చూసుకుని సరిచేయించాలి. రెండో మెట్టులో దానితో పాటు పెద్ద యాక్షన్ లైటు కూడా వెలుగుతుంది. కూలెంట్ వేడెక్కడం ఇలాంటిది; లోడు తగ్గించడమో గేరు మార్చడమో చేయాలి. మూడో మెట్టులో హారన్ కూడా మోగుతుంది. ఇంజన్ ఆయిల్ ప్రెషరు పడిపోవడం ఈ కోవలోనిది. వెంటనే సురక్షితంగా ఆపేయాలి. తాళం తిప్పగానే లైట్లన్నీ వెలిగి హారన్ మోగి, కొన్ని సెకన్లలో ఆరిపోవడం ప్యానెల్ తనను తాను పరీక్షించుకోవడమే. ఆ కొన్ని సెకన్లు ప్యానెల్ వంక చూడని ఆపరేటరుకు మాడిన లైటు సంగతి తెలియదు.

రిపేరులో కొత్త చిక్కు ఇక్కడే మొదలైంది. లైటు వెలిగితే తప్పు యంత్రంలోనా, స్విచ్‌లోనా, వైరులోనా, ప్యానెల్‌లోనా? అంతకు ముందు లేని ఈ ప్రశ్నతో మెకానిక్ చేతికి మల్టీమీటరు వచ్చింది. గేజీని మార్చడానికి అలవాటు పడిన షెడ్లలో మొదట ప్యానెల్‌నే మార్చేసేవారు. కొత్త ప్యానెల్‌తోనూ లైటు వెలిగితేనే వైరు వెతికేవారు.

బొగ్గు గనుల్లో అవసరం

పెద్ద ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనులే ఈ వ్యవస్థలను వేగంగా ముందుకు నడిపాయి. తెలుగు నేలలో ఆ కథ సింగరేణిది. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన ఆ సంస్థ 1975లో ఓపెన్‌కాస్ట్ పద్ధతికి, 1986లో వాకింగ్ డ్రాగ్‌లైన్ అనే భారీ తవ్వక యంత్రానికి వచ్చింది. దాని ఓపెన్‌కాస్ట్ గనుల్లో 60, 100 టన్నుల డంపర్లు తిరుగుతాయి. తవ్వి నింపే యంత్రమైన ఒక షావెల్ వెంట కొన్ని డంపర్లు వరుసగా తిరుగుతాయి కాబట్టి షావెల్ ఆగితే డంపర్లన్నీ ఆగుతాయి. చెడిన తర్వాత బాగుచేయడం కన్నా చెడబోయేదాన్ని ముందే పట్టుకోవడం ఇక్కడ లాభం.

1990లలో పెద్ద డంపర్లకు వచ్చిన క్యాటర్‌పిల్లర్ విమ్స్ వంటి వ్యవస్థలు ఈ లెక్క మీద పుట్టాయి. అవి హెచ్చరించి ఊరుకోవు. జరిగిందంతా దాచి పెడతాయి. ఏ గంటలో వేడి హద్దు దాటింది, అప్పుడు ఇంజన్ వేగం ఎంత, ఏ గేరులో ఉంది అన్నది తర్వాత కంప్యూటరులోకి తీసి చూడవచ్చు. నాలుగు సస్పెన్షన్ సిలిండర్లలోని ఒత్తిడిని కొలిచి లోడు బరువును కూడా లెక్కకడతాయి. డంపరు పక్కన వెలిగే లైట్లను చూసి షావెల్ ఆపరేటరు ఇంకో బకెట్ వేయాలో ఆపాలో తెలుసుకుంటాడు. ఆపరేటరు మాట మీద ఆధారపడిన బ్రేక్‌డౌన్ రిపోర్టుకు పక్కన యంత్రం తానే రాసిన రిపోర్టు చేరింది. తర్వాత శాటిలైట్, సెల్ నెట్‌వర్కుల ద్వారా ఈ సమాచారం ఆఫీసుకే వచ్చే ఏర్పాట్లు కుదిరాయి. కొమాట్సు తన కొమ్‌ట్రాక్స్‌ను 2001 నుంచి జపాన్‌లో యంత్రంతో పాటే ఇవ్వడం మొదలుపెట్టింది.

కోడ్ చెప్పేది, చెప్పనిది

ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకు, ప్యానెల్ దేనికది కంప్యూటరుగా మారాక అవి తమలో తాము మాట్లాడుకునే ఉమ్మడి తీగ కావాల్సివచ్చింది. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతి, దాని మీద భారీ వాహనాల కోసం కట్టిన జే1939 ప్రమాణం ఆ అవసరం తీర్చాయి. ట్రాక్టరుకూ దాని వెనక పనిముట్టుకూ మధ్య మాటకు ఐసోబస్ ప్రమాణం వచ్చింది. ఈ ప్రమాణాలతో లోపాలకు అంకెల పేర్లు వచ్చాయి. కోడ్‌లో ఒక భాగం ఏ సర్క్యూట్ అన్నది, రెండో భాగం అక్కడ ఎలాంటి తేడా అన్నది చెబుతుంది. ఆ రెండో భాగంలో 3 అంటే వోల్టేజి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు తక్కువ, 6 అంటే కరెంటు ఎక్కువ.

కూలెంట్ వేడి సెన్సరునే తీసుకుంటే పని తీరు తెలుస్తుంది. దానికి రెండే వైర్లు. వేడి పెరిగితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. తెర మీద 3 అంకెతో కోడ్ వస్తే సర్క్యూట్ ఎక్కడో తెగిందని అర్థం. సెన్సరే చెడిందని కాదు. అనుభవజ్ఞుడు వెంటనే సెన్సరు కొనడు. ముందు కనెక్టరు విప్పి పిన్నుల మీద పచ్చటి తుప్పు, లోపల నీటి చుక్క, వంగిన పిన్ను ఉన్నాయేమో చూస్తాడు. తర్వాత సెన్సరు వైపు కనెక్టరును వదిలేసి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలుపుతాడు. కోడ్ 3 నుంచి 4కు మారితే వైరింగూ కంప్యూటరూ బాగున్నట్లే; సెన్సరు మార్చాలి. 3 అలాగే ఉంటే తప్పు హార్నెస్‌లోనో కంప్యూటరులోనో ఉంది. అప్పుడు హార్నెస్‌ను అంగుళం అంగుళం పట్టి కదుపుతూ మీటరు చూస్తాడు. ఆగి ఆగి వచ్చే లోపం ఇంజన్ ఆపి, వైర్లు కదలకుండా ఉన్నప్పుడు దొరకదు. అదురు ఉన్నప్పుడే లూజ్ కాంటాక్ట్ బయటపడుతుంది.

లోపాలకు కారణాలు యంత్రం పనిచేసే చోటుని బట్టి ఉంటాయి. గనిలో బొగ్గు దుమ్ము, అదురు, ప్రెషరు నీళ్లతో కడగడం కనెక్టర్లను చెడగొడతాయి. బ్యాటరీ విప్పకుండా బాడీకి వెల్డింగ్ చేస్తే కంప్యూటరే పోవచ్చు. అందుకే బ్యాటరీ, కంప్యూటరు కనెక్టర్లు విప్పి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా బిగించాలన్నది షెడ్లలో పాటించాల్సిన నియమం. పొలం యంత్రాలకు వేరే బెడద. కోతలు అయిపోయాక నెలల తరబడి షెడ్డులో ఉండే హార్వెస్టరు హార్నెస్‌ను ఎలుకలు కొరికేస్తాయి.

పొలంలోకి రావడం

వ్యవసాయంలో ఎలక్ట్రానిక్ నిఘా అమెరికాలో ముందు మొదలైంది. 1966లో ఇల్లినాయ్‌లో ఏర్పడిన డికీ-జాన్ సంస్థ గొర్రు గొట్టాల్లో విత్తనం పడుతున్నదీ లేనిదీ చెప్పే మానిటరు తెచ్చింది. మాసే ఫెర్గూసన్ 1986లో తెచ్చిన 3000 సిరీస్ ట్రాక్టర్లలో డేటాట్రానిక్ అనే తెర ఉండేది. 1992లో ఏజీ లీడర్ సంస్థ హార్వెస్టరులో దిగుబడి కొలిచే మానిటరును అమ్మకానికి పెట్టింది.

మన దగ్గర చిన్న కమతాలకు ముల్లు గేజీల ట్రాక్టరే చాలా కాలం సరిపోయింది. మార్పు తెచ్చినవి పొగ నిబంధనలు. చక్రాల నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి, 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటిని అందుకోవడానికి కంప్యూటరు నడిపే కామన్ రైల్ ఇంజన్లు తప్పలేదు. దాంతో రైతుల పెద్ద ట్రాక్టర్లలోనూ సెన్సర్లు, ఫాల్ట్ కోడ్‌లు వచ్చాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ రైతులకూ మెకానిక్‌లకూ యంత్రాల వాడకం, నిర్వహణ నేర్పుతోంది.

కోడ్ ఎవరి చేతిలో

ముల్లు గేజీని ఏ ఊరి మెకానిక్ అయినా విప్పగలిగేవాడు. ఫాల్ట్ కోడ్ పూర్తి వివరాలు చదవడానికి కంపెనీ సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు, యంత్రానికి తగిలించే అడాప్టరు కావాలి. కొన్ని భాగాలు మార్చాక సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ కంప్యూటరుకు పరిచయం చేస్తేనే పనిచేస్తాయి. పెద్ద గనులు డీలరుతో సర్వీసు ఒప్పందం చేసుకుంటాయి. ఒక్క ట్రాక్టరు, ఒక్క లోడరు ఉన్నవాడు డీలరు మనిషి వచ్చేదాకా ఆగాల్సిందే. కోత రోజుల్లో ఆ ఆగడం ఖరీదైనది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు చట్టం చేసింది. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కుపై కమిటీ వేసి, మొదట దృష్టి పెట్టాల్సిన రంగాలను గుర్తించింది. మొబైల్ ఫోన్లు, ఇంటి వస్తువులు, వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలు అందులో ఉన్నాయి. గనుల యంత్రాలు లేవు.