ఇల్లు చేరని తేనెటీగ

1994 వేసవిలో ఫ్రాన్సు దేశమున పొద్దుతిరుగుడు చేలు విరగబూచినవి. చేల ప్రక్కన ఉంచిన పెట్టెలలో మాత్రము తేనెటీగలు నానాటికి పలుచబడెను. పెట్టెల ముంగిట చచ్చిన ఈగల కుప్పలు లేవు. మేతకు పోయినవి తిరిగి రాలేదని పెంపకందార్లు మొరపెట్టిరి.

ఇమిడాక్లోప్రిడ్ అను క్రిమిసంహారిణిని విత్తనములకు పట్టించి నాటుట ఆ కాలముననే ఆరంభమైనది. అది మొక్క రసముతో పైకెక్కి, పుప్పొడిలోను మకరందములోను లేశమాత్రముగ చేరును. పొగాకులోని నికోటిన్ వలె కీటకముల నరములపై పనిచేయును. 1999లో ఫ్రెంచి ప్రభుత్వము పొద్దుతిరుగుడు విషయమున దాని వాడుకను ఆపివేసెను. ఆనాటి నష్టమునకు అదొక్కటే కారణమా అను వాదము మాత్రము తెగలేదు.

చిక్కు పరీక్షలోనే ఉన్నది. ఎంత మోతాదుకు సగము ఈగలు చచ్చునో లెక్కించుట పరిపాటి. చావని ఈగ క్షేమమే యని లెక్క! కాని దారి తప్పిన ఈగ గూటికి చచ్చిన ఈగతో సమానమే గదా? 2012లో ఫ్రెంచి పరిశోధకులు 653 ఈగల వీపులపై చిన్న రేడియో బిళ్లలు అంటించిరి. కొన్నింటికి థయామెథాక్సామ్ అను అదే జాతి మందును చావు కలిగించనంత స్వల్పముగ త్రాపి, గూటికి దూరమున విడిచిరి. మందు త్రాగినవాటిలో ఇల్లు చేరనివి ఎక్కువయ్యెను.

2018లో యూరోపియన్ యూనియన్ ఈ రెండింటిని, క్లోథియానిడిన్‌ను ఆరుబయట పొలములలో నిషేధించెను. ఆ యేడే మరొక విశేషము బయటపడెను. అదే జాతికి చెందిన థయాక్లోప్రిడ్‌ను తేనెటీగ చాలవరకు తట్టుకొనును. దాని దేహములోని ఒక ఎంజైము ఆ మందును చప్పున విరుగగొట్టును. ఇమిడాక్లోప్రిడ్ ఎదుట ఆ ఎంజైము సత్తువ చాలదు.