అత్యంత అనుకూల దేశం

మా నిఖాల్లో పంచే ఎండు ఖర్జూరం, ఏకాదశి ఉపవాసానికి వాడే సైంధవ లవణం - రెండూ చాలావరకు పాకిస్తాన్ నుంచే వచ్చేవి. ఖర్జూరాన్నీ, ఉప్పునీ నీది ఏ దేశమని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మా కోసం దాచిపెట్టారు.

1996లో భారతదేశం పాకిస్తాన్‌కి 'అత్యంత అనుకూల దేశం' హోదా ఇచ్చింది. పేరు వింటే నెత్తిన పెట్టుకున్నట్టుంటుంది. అసలు సంగతి అంత లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒక సభ్యదేశం సరుకు మీద ఎంత సుంకం వేస్తే మిగతా సభ్యుల మీదా అంతే వెయ్యాలన్నది సూత్రం. అందరినీ సమానంగా చూడ్డానికి పెట్టిన పేరది.

కొట్లాట మాత్రం పేరు మీదే జరిగింది. శత్రువుని ముద్దు చేస్తున్నారని ఇక్కడ కొందరన్నారు. అక్కడ ఉర్దూలో ఆ మాట 'పసందీదా తరీన్ ముల్క్' అయింది. కాశ్మీర్ తేలకుండా హిందూస్తాన్ మనకి ఇష్టమైన దేశమెట్లా అవుతుందని మతపార్టీలు వీధికెక్కాయి. అక్కడి రైతులకి ఇండియా సబ్సిడీ పంట వచ్చి ముంచుతుందని భయం. మందుల కంపెనీలు, మోటారు కంపెనీలు వద్దన్నాయి. దుబాయి చుట్టి వచ్చే సరుకు వాఘా మీదుగా వస్తే చవకని చాలామంది వర్తకులు కావాలన్నారు. 2011 నవంబరులో పాక్ మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2014లో పేరే మార్చి 'వివక్ష లేని మార్కెట్ ప్రవేశం' అని చూశారు. అదీ ఆగిపోయింది.

2019 ఫిబ్రవరిలో పుల్వామాలో 40 మంది జవాన్లు చనిపోయాక మన ప్రభుత్వం హోదా తీసేసి 200 శాతం సుంకం వేసింది. ఆగస్టులో పాకిస్తాన్ వర్తకం ఆపింది. 2025లో పహల్గాం హత్యల తర్వాత అక్కడి దిగుమతులన్నీ మన ప్రభుత్వం నిషేధించింది. హంతకుల్ని శిక్షించాలనడంలో మాకు రెండో మాట లేదు. కానీ కూలి పోయింది అట్టారి హమాలీలకి.

సరిహద్దు వర్తకం గురించి రైతు మాట్లాడొచ్చు, షావుకారు మాట్లాడొచ్చు. మేం తెరవమంటే ద్రోహం, మూయమంటే నటన.

సమానంగా చూడ్డానికి అభిమానమని పేరు పెట్టడం మాకు కొత్త కాదు. రాజ్యాంగం మాకిచ్చిన హక్కుకి 'బుజ్జగింపు' అని పేరు పెట్టినవాళ్లని చూస్తూనే ఉన్నాం. హక్కుని దయ అంటే ఎప్పుడైనా వెనక్కి లాక్కోవచ్చు.

మేం అత్యంత అనుకూల పౌరుల హోదా అడగడం లేదు. అందరినీ తూచే తక్కెడలోనే మమ్మల్నీ తూచమంటున్నాం.