సకల పునీతుల పాఠశాల – గన్‌ఫౌండ్రీ

చార్మినారు నుండి ఉత్తరముగా బయలుదేరి, నయాపూలు మీదుగా మూసీనది దాటి, అఫ్జల్‌గంజు, మొజంజాహీ మార్కెట్టుల మీదుగా ఆబిడ్స్ చేరిన వానికి గన్‌ఫౌండ్రీ ఎంతో దూరము కాదు. పాత నగరములోని మన విచారణ బిడ్డలు ఎన్నో తరములుగా ఈ దారినే పుస్తకముల సంచీలతో నడచినారు, సైకిలు తొక్కినారు, సిటీ బస్సుల ఫుట్‌బోర్డులమీద వ్రేలాడినారు. వారు చేరిన చోటు పునీత జోజప్పగారి కథెడ్రలుకు కూతవేటు దూరములో ఉన్న సకల పునీతుల ఉన్నత పాఠశాల, అనగా మనమందరము “ఆల్ సెయింట్స్” అని పిలుచుకొను బడి. 1855లో స్థాపింపబడిన ఈ పాఠశాల హైదరాబాదు నగరమునందలి మిక్కిలి ప్రాచీనమైన పాఠశాలలలో ఒకటి. దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు ఈ సంచిక తగిన స్థలమని తలచుచున్నాను.

ముందుగా ఆ చోటి పేరును గూర్చి ఒక మాట. నిజాం అలీఖాను కొలువులో సేనానిగా ఉన్న రేమండు అను ఫ్రెంచి దేశస్థుడు 1795లో అక్కడ ఫిరంగులు పోత పోయు కార్ఖానా నెలకొల్పినాడు. జనులు దానిని “తోప్ కా సాంచా” అన్నారు. ఆయన 1798లో మరణించినాడు. మూసారాంబాగు పేరు ఆయన పేరుమీదనే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఫిరంగుల కొలిమి ఉన్న ప్రాంతమున తరువాతి శతాబ్దములో గుడి, బడి, కన్యాస్త్రీల మఠము లేచినవి. ఫిరంగులు పోయినవి గాని ఆ పేరు మాత్రము పోలేదు.

హైదరాబాదు రాజ్యమునందలి కతోలికులకు ప్రత్యేకముగా ఒక వికారియేటు 1851లో ఏర్పడినది. మొదటి అధిపతి ఐర్లండు దేశస్థులైన డేనియల్ మర్ఫీ మేత్రాణులు. ఆ రోజులలో ఇక్కడి విశ్వాసులలో చాలమంది కంటోన్మెంటులోని ఐరిషు సిపాయిలు, వారి కుటుంబములు, ఆంగ్లో ఇండియనులు, మద్రాసు ప్రాంతమునుండి పలటములతోపాటు వచ్చిన తమిళులు. తెలుగు పల్లెలలో సువార్త విస్తరించుట తరువాతి మాట. మర్ఫీ మేత్రాణులకు గురువులు చాలలేదు. మిలాను నగరమున 1850లో విదేశ వేదవ్యాపకముకొరకు స్థాపింపబడిన సెమినరీనుండి ఇటలీ గురువులు 1855లో హైదరాబాదు చేరినారు. వారి సంస్థనే మనము ఇప్పుడు పిమె సభ అనుచున్నాము. ఆ 1855లోనే పాఠశాల కూడ ఆరంభమైనది. మర్ఫీ మేత్రాణులు 1865లో టాస్మేనియా ద్వీపములోని హోబర్టుకు బదిలీ అయి, 1907లో తొంబది రెండేండ్ల ముదిమిలో అక్కడనే ప్రభువునందు నిద్రించినారు. ఆయన ఇక్కడ ఉన్నది కొద్ది కాలమే గాని, ఆ కాలములో నాటబడిన ఈ విత్తనము నేటికిని ఫలించుచున్నది.

1855 అనగా ఎట్టి కాలమో కొంచెము ఊహించవలెను. మొదటి సాలారు జంగు దివానుగిరీకి వచ్చి రెండేండ్లే అయినది. రాజభాష పారసీకము. గొప్పింటి పిల్లలకు ఇంటివద్ద మౌల్వీలు, బ్రాహ్మణ పిల్లలకు వీధిబడి పంతుళ్లు, మిగిలినవారికి ఏమియు లేదు. ఆంగ్లికను సభవారి సెయింట్ జార్జి గ్రామరు స్కూలు 1834 నుండి నడచుచున్నది. అట్టి కాలమున క్రైస్తవ గురువులు ఇంగ్లీషు బడి పెట్టుట అన్ని మతములవారికిని ఒక కొత్త ద్వారము తెరచినట్లయినది. ముస్లిము నవాబుల బిడ్డలు, కాయస్థులు, మార్వాడీలు, పార్సీలు, తెలుగు ఉద్యోగుల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండు అలవాటు ఈ నగరమున ఇట్టి బడులలోనే బలపడినదని నా నమ్మకము. దీనిని కాదనువారు ఉండవచ్చును. అయినను ఆ బడులలో చదివిన ముసలివారిని అడిగి చూడుడు.

కథెడ్రలు కథ కూడ ఇక్కడ కొంత చెప్పవలెను, గుడిని విడదీసి ఈ బడిని తలచుట కష్టము గనుక. గన్‌ఫౌండ్రీలో విశాలమైన స్థలము 1869 ప్రాంతమున కొనబడినది. 1870లో బార్బెరో స్వామివారు శంకుస్థాపన చేసినారు. కట్టడము పూర్తికాక మునుపే 1875 క్రీస్తు జయంతి రాత్రి అందు దివ్యపూజ జరిగినది. ముఖద్వారము, రెండు గోపురములు 1891లో లేచినవి. మరుసటి ఏడు ఇటలీనుండి ఐదు గంటలు వచ్చినవి. 1886లో మేత్రాసనము, 1953లో అగ్రమేత్రాసనము. 1937లో విజయవాడ, 1952లో వరంగల్లు మేత్రాసనములు ఈ తల్లినుండియే విడివడినవి. 1953లో అగ్రపీఠాధిపతులైన గోపు జోసెఫ్ మార్కు గారినుండి 2022లో కార్డినలు పదవి పొందిన పూల ఆంతోని గారి వరకు తెలుగు బిడ్డలు ఆ పీఠమున కూర్చుండుట మనకు గర్వకారణము. 1855లో ఇక్కడికి వచ్చిన ఇటలీ గురువులు ఇది కలగనియైన ఉందురా?

పాఠశాల నిర్వహణ మోన్‌ఫోర్టు సహోదరుల చేతిలో ఉన్నది. వీరి మూలపురుషుడు పునీత లూయీ మరీ గ్రిన్యోన్ ద మోన్‌ఫోర్టు (1673–1716). ఫ్రాన్సులోని లా రోషెల్ నగరములో ఈయన పేద పిల్లలకొరకు ఫీజు లేని బడులు తెరిపించినారు. ఆ తరువాత గాబ్రియేలు దెషే అను గురువు ఆ సహోదరులను మరల బలపరచినందున వారికి పునీత గాబ్రియేలు సహోదరులని పేరు వచ్చినది. 1903లో వారు భారతదేశము వచ్చినారు. నగరములో ఆబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్, హైదర్‌గూడాలోని సెయింట్ పాల్స్ కూడ వారివే.

ఇక కార్యక్రమములు. మాధ్యమము ఇంగ్లీషు. కతోలిక పిల్లలకు సత్యోపదేశము, ఇతరులకు నీతిబోధ అను పద్ధతి మన బడులన్నింటిలోను ఉన్నదే. ఒక పిల్లవాడు సత్యోపదేశము తరగతికి లేచి వెళ్లుచుండగా ప్రక్క బల్లనున్న అన్వరో, శ్రీనివాసో నీతిబోధ పుస్తకము తెరచుట మనకు చాల సామాన్యమైన దృశ్యము. అందులో ఉన్న మర్యాద ఎంతటిదో ఈ నగరములో మతకలహములు చూచినవారికి తెలియును.

ఆటలలో ఈ బడి పేరు దేశమంతట వినబడినది. మహమ్మద్ అజహరుద్దీను ఇక్కడి విద్యార్థి. 1984 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఆరంభమైన టెస్టుతో ప్రవేశించి, ఇంగ్లండుపై తన మొదటి మూడు టెస్టులలో మూడు శతకములు కొట్టినాడు. ఆ జనవరి, ఫిబ్రవరి నెలలలో గన్‌ఫౌండ్రీలో పిల్లలు పాఠములు ఏమి విన్నారో ఆ ఉపాధ్యాయులకే తెలియవలెను.

భాష మాట కూడ ఉన్నది. నిజాము కాలమున 1884 నుండి ఉర్దూ రాజభాష అయినది. తెలుగుకు బడిలో నిలువ నీడ లేదు. గన్‌ఫౌండ్రీకి దగ్గరలోనే సుల్తాను బజారులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినదన్నచో ఆ కొరత ఎంతటిదో ఊహించుకొనవచ్చును. ఇంగ్లీషు బడి ఉర్దూ రాని తెలుగు పిల్లవానికి ఒక ఆశ్రయమే అయినది, కాని వానికి తెలుగు నేర్పిన బడి కాదు. 2018లో తెలంగాణ శాసనసభ అన్ని బడులలోను తెలుగును నిర్బంధము చేసినది. నేడు మన క్రైస్తవ ఇండ్లలోని పిల్లలు ఇంగ్లీషు బైబిలు గడగడ చదివి, తెలుగు కీర్తన పుస్తకమువద్ద తడబడుచున్నారు. ఈ నేరములో బడిది ఎంత, తల్లిదండ్రులది ఎంత అని విడదీయుట నా వల్ల కాదు.

ఇంతవరకు పొగడినాను. ఇప్పుడు నా మనసులోని ముల్లు చెప్పవలెను. ప్రతి ఏటా మే, జూను నెలలలో నా గది ముందు తల్లిదండ్రులు నిలుచుందురు. చేతిలో జ్ఞానస్నాన పత్రము, నోట “ఫాదరుగారూ, ఒక్క లెటరు వ్రాసియీయండి” అను మాట. కొన్నేండ్ల క్రిందట ఉప్పుగూడ ప్రక్కనుండి కూరగాయలమ్ము ఒక తల్లి వచ్చినది. లెటరు వ్రాసినాను. ఒక క్రైస్తవ పాఠశాలలో (అది ఏదన్నది ఇక్కడ అనవసరము) సీటు దొరికినది. ఫీజు, యూనిఫారము, పుస్తకములు, బస్సు అన్నియు లెక్క వేసి చెప్పినారు. ఆమె రెండు రోజుల తరువాత తిరిగి వచ్చి, “ఫాదరుగారూ, సీటు ఇచ్చిన్రు గని మా అసుంటోళ్లకు కాదది” అన్నది. పిల్లవానిని దగ్గరలోని సర్కారు బడిలో వేసినది.

పొరబాటు అందులో నాది కూడ ఉన్నది. లెటరు వ్రాసి చేతులు దులుపుకొన్నాను. ఫీజు సంగతి అడగలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులలో నాలుగవ వంతు సీట్లు పేదలకు ఈయవలెనన్నది. 2014లో సుప్రీము కోర్టు అల్పసంఖ్యాకుల బడులను ఆ చట్టమునుండి మినహాయించినది. రాజ్యాంగము ముప్పదవ అధికరణము మనకు ఇచ్చిన రక్షణ అది, దానిని నేను తక్కువ చేయను. 2025లో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పుపై సందేహము తెలిపి ప్రధాన న్యాయమూర్తి ముందుకు పంపినారు. కోర్టు ఏమి తేల్చినను, రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్యను గూర్చి వెలువరించిన ప్రకటన పేదలను, కుటుంబ ఆదరణ లేనివారిని, విశ్వాసపు వరము లేనివారిని ప్రత్యేకముగా చేరదీయుమనుచున్నది. దానికి మినహాయింపు ఏ కోర్టు ఇచ్చును?

ఈ విషయమై మా విచారణలో ఒక చిన్న ప్రయత్నము మొదలుపెట్టినాము. ఆదివారము కానుకలలోనుండి కొంత భాగము ప్రక్కన పెట్టి, జూనులో నలుగురైదుగురు పిల్లల పుస్తకములకు, బస్సు చార్జీలకు ఇచ్చుచున్నాము. ఇది చాలదు. పాత విద్యార్థులు తలచుకొనిన యెడల ఒక్క తరగతివారే మా విచారణ పిల్లలందరి ఖర్చు భరించగలరు. వారిలో కొందరిని ఇప్పటికే కలిసినాను, ఇద్దరు ఒప్పుకొన్నారు.

కూరగాయలమ్ము ఆ తల్లి ఇప్పటికిని ఆదివారము రెండవ పూజకు వచ్చును. పెద్దవాడు సర్కారు బడిలో పదవ తరగతి చదువుచున్నాడు. చిన్నవాని కొరకు ఈ జూనులో వచ్చెదనని చెప్పినది. లెటరుతోపాటు ఫీజు లెక్క కూడ ఈసారి నేనే అడిగి తెచ్చెదనని ఆమెకు మాట ఇచ్చినాను.